ఏ యొడ్డున? – ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేసు జీవితము

జీవపరిణామ సిద్ధాంతము అనగానే చదువరులకు మొట్టమొదట స్ఫురించు పేరు చార్లెస్ డార్వినుది. ఆ పేరునకు వెనుక, పాఠ్యపుస్తకములలో ఒక్క వాక్యమునకు మించకుండ, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేసు పేరు కానవచ్చును. ఇరువురును ఒకే సిద్ధాంతమును విడివిడిగా కనుగొనిరని ఆ వాక్యము తెలుపును. అది సత్యమే. అయితే ఆ ఇరువురు నడచిన త్రోవలు మాత్రము ఒకటి కావు. డార్విను సంపన్నుల ఇంట పుట్టినవాడు. కూటికొఱకు ఒక్క దినమైనను పనిచేయవలసిన అగత్యము ఆయనకు కలుగలేదు. వాలేసు పదునాలుగవ యేట బడి మానినవాడు; పురుగులను పట్టి, పక్షులను వేటాడి, వానిని అమ్ముకొని జీవించినవాడు. పొట్టకూటికై చేసిన ఆ పనిలోనే, ఏ ప్రాణి ఎచ్చట దొరకెనో చీటీపై వ్రాసి పెట్టుకొను అలవాటులోనే, అతనికి ఒక మహాప్రశ్న ఎదురైనది.

వేల్సు దేశమున అస్క్ అను చిన్న పట్టణమునకు చేరువనున్న లాన్‌బాడొక్ అను పల్లెలో 1823 జనవరి 8 న వాలేసు జన్మించెను. తొమ్మండుగురు సంతానములో అతడు ఎనిమిదవవాడు. తండ్రి న్యాయశాస్త్రము చదివెను గాని ఆ వృత్తిని చేపట్టలేదు. ఉన్న సొమ్మును అచ్చిరాని వ్యాపారములలో పెట్టి పోగొట్టుకొనెను. వాలేసుకు అయిదేండ్లు వచ్చునప్పటికి సంసారము ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్ పట్టణమునకు మాఱెను. అచ్చటి గ్రామరు పాఠశాలలోనే అతని చదువు ఆరంభమై, అచ్చటనే ముగిసెను. చివరి సంవత్సరమున బడి జీతము చెల్లించు స్తోమత లేక, చిన్న తరగతుల బాలురకు పాఠములు చెప్పి ఆ బాకీ తీర్చుకొనవలసి వచ్చెను. తోడి విద్యార్థుల నడుమ ఉపాధ్యాయుడును గాక, విద్యార్థియును గాక మెలగిన ఆ దినముల సిగ్గును అతడు వార్ధక్యమునందు సైతము మఱచిపోలేదు.

బడి మానిన పిమ్మట కొన్నాళ్ళు లండనులో వడ్రంగిపని నేర్చుకొనుచున్న అన్న జాన్ వద్ద ఉండెను. సాయంకాలములందు శ్రామికులకై ఏర్పడిన సభామందిరమునకు పోయి రాబర్ట్ ఓవెన్ అనుయాయుల ఉపన్యాసములు వినుచుండెను. మానవులు పుట్టుకచే గాక పరిస్థితులచే మంచివారో చెడ్డవారో అగుదురన్న భావము అప్పుడు నాటుకొన్నది. అది తుదివరకు వాడిపోలేదు. అదే 1837 లో పెద్దన్న విలియము వద్ద చేరి భూములు సర్వేచేయు పనిలో పడెను. ఆఱేడేండ్లు గొలుసు పట్టుకొని కొండలు, చేలు, బీళ్ళు కొలిచెను. సరిహద్దు ఎచ్చట మొదలగును, ఎచ్చట ముగియును అని చూచుటయే ఆ వృత్తి. దానితోపాటు చవుకగా దొరకిన వృక్షశాస్త్ర గ్రంథ మొకటి కొని, త్రోవలో కనబడిన మొక్కలకు పేర్లు తెలిసికొనసాగెను. కళాశాల గడప త్రొక్కని ఆ యువకునకు పొలము గట్లే కళాశాల యయ్యెను.

1844 లో సర్వేపనులు తగ్గిపోగా, లీస్టరు నగరమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదిరెను. బోధనలో అతడు ప్రతిభ చూపెనని చెప్పుటకు లేదు. కాని ఆ యేడాదిలో రెండు గొప్ప లాభములు కలిగెను. ఆ యూరి గ్రంథాలయమున మాల్థస్ వ్రాసిన జనసంఖ్యా గ్రంథమును చదివెను. జనులు పెరుగునంత వేగముగ ఆహారము పెరుగదనియు, కఱవులు, రోగములు, యుద్ధములు జనసంఖ్యను అదుపులో ఉంచుననియు ఆ గ్రంథము వాదించును. అప్పటికి ఆ మాట మనసు పొరలలో ఎచ్చటనో అణగియుండెను. రెండవ లాభము హెన్రీ వాల్టర్ బేట్సు అను మిత్రుడు. పుట్టగొడుగువలె గుండ్రనైనవి, నగలవలె మెఱయునవి, ఒక్క ఊరి చుట్టును వందలకొలది రకముల పెంకుపురుగులు ఉండునని బేట్సు చూపినప్పుడు వాలేసు విస్మయము చెందెను. ఇన్ని రకము లేల? ఒక్కదానికొక్కటి ఇంత చేరికయై, అయినను వేఱుగా నుండుటేల?

ఆ ప్రశ్న ఆనాటికి క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశమున లామార్కు 1809 నాటికే జాతులు మాఱుచున్నవని గ్రంథము వ్రాసెను. ఎత్తయిన కొమ్మలకు మెడ చాచిచాచి జిరాఫీ మెడ సాగెనను భావము అతనిదే. భూమి పొరలు స్వల్పమైన మార్పులు యుగయుగముల పర్యంతము కూడి ఏర్పడినవని లైయెల్ 1830 మొదలు వెలువరించిన భూగర్భశాస్త్ర సంపుటములు చెప్పుచుండెను. 1844 లో పేరు లేకుండ ప్రకటింపబడిన ఒక పుస్తకము, నక్షత్రములు మొదలు మనుష్యుని వఱకు సమస్తమును క్రమవికాసము చెందినదని సాహసించి పలికెను. దానిని వ్రాసినవాడు రాబర్ట్ చేంబర్సు అని నలువదేండ్ల తరువాత గాని లోకమునకు తెలియలేదు. పండితులు దానిలోని తప్పులెన్ని పరిహసించిరి. వాలేసు మాత్రము దానిని, పరీక్షింపదగిన ఊహగా గ్రహించెను. జాతులు మాఱునా, మాఱవా అను విషయము తర్కముచేత కాక, వేలకొలది ప్రాణులను చూచి తేల్చవలసినదని అతడును బేట్సును నిశ్చయించుకొనిరి.

1848 ఏప్రిలులో ఇరువురును లివర్‌పూలు రేవున ఓడ యెక్కి అమెజాను నది ముఖమునకు పోయిరి. వారి వెనుక ఏ ప్రభుత్వమును లేదు, ఏ జమీందారును లేడు. పట్టిన పురుగులను, పక్షులను లండనులోని ఏజెంటు శామ్యూల్ స్టీవెన్సుకు పంపుట, అతడు వానిని ప్రదర్శనశాలలకు, ధనికులకు అమ్మి సొమ్ము పంపుట – ఇదియే ఏర్పాటు. కొంతకాలమునకు మిత్రులు వేఱుపడి, వాలేసు రియోనీగ్రో నదివెంట ఎగువకు, ఆ మీదట వావుపెస్ నదీ ప్రాంతమునకు సాగెను. సహాయముగా వచ్చిన తమ్ముడు హెర్బర్టు 1851 లో పారా పట్టణమున పచ్చజ్వరమున మరణించెను. ఎగువ అడవులలో తానును జ్వరపీడితుడై పడియుండిన వాలేసు తమ్ముని కడచూపునకైనను నోచుకొనలేదు.

అమెజాను నదిపై అతడు తెలిసికొన్న సంగతి ఒకటి చూచుటకు చిన్నదిగా తోచును. నదికి ఈ యొడ్డున తిరుగు ఒక జాతి కోతులు ఆ యొడ్డున కానరావు. వాని స్థానమున దగ్గరి చుట్టములవంటి మఱియొక జాతి యుండును. ఆటవికులైన వేటగాండ్రకు ఇది చిరపరిచితము. ఫలానా జంతువు కావలెనన్నచో వారు పడవ వేసికొని ఆవలి గట్టునకు పోవుదురు. కాని ఐరోపా ప్రదర్శనశాలలలోని చీటీలపై బ్రెజిల్ అనియో, దక్షిణామెరికా అనియో, మహా అయినచో అమెజాను అనియో వ్రాసియుండును. ఏ యొడ్డున అన్నమాట వ్రాసినవారు లేరు. ఈ లోపమును 1852 లో వాలేసు ఒక వ్యాసమున బాహాటముగ ఎత్తిచూపెను. డార్వినంతటివాడు సైతము గలాపగోస్ దీవులలో చిన్నపిట్టలను సేకరించినప్పుడు ఏది ఏ దీవిదో వేఱుపఱచి వ్రాసికొనలేదు. తరువాత తోడి ప్రయాణికుల సేకరణలను వెదకి ఆ లోటును కొంత పూరించుకొనవలసి వచ్చెను.

1852 జూలైలో వాలేసు స్వదేశమునకు బయలుదేరెను. ఎక్కిన ఓడ పేరు హెలెన్. రెండు సంవత్సరముల సేకరణ అందులోనే ఉండెను. ఆగష్టు 6 న, అట్లాంటిక్ మహాసముద్రపు నడిమధ్యన, ఓడలోని సరుకు రాజుకొని పొగ లేచెను. వాలేసు గదిలోనికి దిగి, చేతికందిన చిన్న రేకుపెట్టెలో కొన్ని చేపల బొమ్మలను, తాటిజాతి చెట్ల బొమ్మలను, కొన్ని కాగితములను వేసికొని పడవలోనికి దూకెను. ఎవ్వరును ఎఱుగని ఎన్నో జాతుల పక్షులు, కీటకములు, బ్రతికియున్న కోతులు, చిలుకలు – అన్నియు కనుల యెదుటనే కాలిపోయెను. తెఱపి పడవలలో పది దినములు ఎండకు మాడి, నీటి గుక్కలు లెక్కపెట్టుకొని త్రాగుచుండగా, ఇంగ్లండునకు పోవు మఱియొక ఓడ కనబడి వారిని రక్షించెను. అక్టోబరు 1 న అతడు డీల్ రేవున దిగెను. స్టీవెన్సు తనంతట తాను సరుకునకు భీమా చేయించియుండుటచే పస్తులు మాత్రము తప్పినవి. ఇక ఎన్నడును సముద్రము దాటనని అతడు ఒట్టు పెట్టుకొనెనట. ఆ యొట్టు నిలిచినది కొలది దినములే.

ఒకటిన్నర యేడాది లండనులో గడపి, మిగిలిన జ్ఞాపకముల మీద రెండు పుస్తకములు వ్రాసి, 1854 లో తూర్పు దిక్కునకు బయలుదేరెను. ఏప్రిలులో సింగపూరు చేరెను. తరువాతి ఎనిమిదేండ్లలో మలయా ద్వీపసముదాయమున అతడు తిరిగిన దూరము ఇంచుమించు 14,000 మైళ్ళు. సేకరించిన ప్రాణులు మొత్తము 1,25,660. అందులో పెంకుపురుగులే 83,200. పక్షులు 8,050. ఈ లెక్కలు చదువునప్పుడు ఒక్కడే మనుజుడు ఇంత పని ఎట్లు చేసెనను సంశయము కలుగును. ఒక్కడే చేయలేదు. సారవాకులో చేరిన ఆలీ అను మలయా బాలుడు వంటవాడుగా మొదలిడి, తుపాకి పట్టుటలో, పక్షి తోలును చెడకుండ ఒలుచుటలో ఆఱితేఱి, యజమానునకు కుడిభుజ మయ్యెను. బచాన్ దీవిలో అంతవఱకు శాస్త్రలోకమునకు తెలియని తెల్లని పొడవు ఈకల పక్షిని మొదట కొట్టి తెచ్చినవాడు ఆలీయే. ఆ పక్షి శాస్త్రీయ నామము నేటికిని వాలేసు పేరనే యున్నది. ఇది లోకరీతి. అయినను వాలేసు తన గ్రంథములలో ఆలీని మఱువక పేర్కొనెను; విడిపోవునప్పుడు అతని ఛాయాచిత్రము తీయించి దగ్గర ఉంచుకొనెను.

1855 ఫిబ్రవరిలో, సారవాకున వానకాలము. బయటికి పోవుటకు వీలులేక ఇంట కూర్చుండి వాలేసు ఒక వ్యాసము వ్రాసెను. అది ఆ సెప్టెంబరులో లండను పత్రిక యొకదానిలో వెలువడినది. ప్రతి క్రొత్త జాతియు, తనకు దగ్గరి పోలికగల పూర్వజాతి ఒకటి ఎచ్చట, ఎప్పుడు ఉండెనో అచ్చటనే, ఆ కాలమునకు చేరువనే పుట్టినదని ఆ వ్యాస సారాంశము. ఒక చెట్టు కొమ్మలవలె జాతులు చీలినవని దాని యర్థము. ఎట్లు చీలినవో మాత్రము అతడు చెప్పలేదు. ఆ వ్యాసమును లండనులో పెక్కుమంది పట్టించుకొనలేదు. పట్టించుకొన్న కొలదిమందిలో ఒకడు కలకత్తాలో నుండెను. ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను చూచుకొనుచున్న ఎడ్వర్డ్ బ్లైత్ దానిని చదివి, ఇది చూడదగినదని డార్వినుకు జాబు వ్రాసెను. లైయెల్ కూడ చదివి కలతపడెను. 1856 లో డార్విను ఇంటికి పోయి, దాచుకొన్నదానిని త్వరగా ప్రకటింపుమని హెచ్చరించెను. డార్విను 1842 లోనే తన సిద్ధాంతమును చిన్న చిత్తుప్రతిగా, 1844 లో పెద్ద వ్యాసముగా వ్రాసి, బీరువాలో పెట్టియుండెను.

ఈ సంగతులేవియు ఎఱుగని వాలేసు 1856 జూన్‌లో మకాసరునకు ఓడ దొరకక, బాలి దీవిలో రెండు దినములు దిగి, పిమ్మట లంబోకు దీవికి దాటెను. ఆ నడుమనున్న జలసంధి మిక్కిలి సన్నని చోట పదునైదు మైళ్ళకంటె ఎక్కువ వెడల్పు లేదని అతని యంచనా. బాలిలో అతనికి కనబడినవి మన పల్లెవాసులకు సైతము పరిచితమైన కుటుంబముల పక్షులు: సీసావంటి గూళ్ళు అల్లు గిజిగాళ్ళు, వడ్రంగిపిట్టలు, కంసాలిపిట్టను పోలిన పండ్లు తిను పిట్టలు. లంబోకులో రెండు నెలలకు పైగా వెదకినను ఆ పిట్టలు కంటబడలేదు. తలపై తురాయి గల తెల్లని కకాటూ చిలుకలు కనబడెను. ఆకులు, ఇసుక కుప్పగా పోసి ఆ వేడిమికి గ్రుడ్లను వదలి పోవు వింత కోళ్ళు కనబడెను. ఇవి ఆస్ట్రేలియా వైపు ప్రాణులు. రెండు దీవులును అగ్నిపర్వతముల దీవులే. నేల ఒక్కటే, ఎండ ఒక్కటే, వాన ఒక్కటే. ప్రతి ప్రాణియు ఆయా నేలకు తగినట్లు వేఱువేఱుగ సృష్టింపబడినదన్నచో ఈ రెండు దీవులకు ఇంత భేదమేల?

అమెజానుపై నది చేసిన పనినే ఇచ్చట సముద్రము చేసినది. అయితే ఎల్ల సముద్రములును ఒకరీతివి కావు. బాలి, జావా, సుమత్రా, బోర్నియో దీవుల నడుమ సముద్రము లోతు తక్కువ. ఒకప్పుడు అది మెట్టనేలగా ఆసియాతో కలిసియుండెనని వాలేసు ఊహించెను. బాలికిని లంబోకునకును నడుమ అగాధము. తరువాతి శాస్త్రజ్ఞులు హిమయుగములలో సముద్రమట్టము వంద మీటర్లకు పైగా దిగిపోయెనని కనుగొని ఆ ఊహకు బలము చేకూర్చిరి. అంత దిగినను ఆ జలసంధి మాత్రము ఎండిపోలేదు. పటముపై ఆ జలసంధి గుండ, బోర్నియో సెలెబిస్ దీవుల నడుమగ, అతడు 1863 లో గీచి ప్రకటించిన గీతకు హక్స్‌లీ 1868 లో వాలేసు రేఖ అని పేరు పెట్టెను. పొలముల సరిహద్దులు కొలిచిన కుఱ్ఱవాడు జీవలోకపు సరిహద్దును కొలిచెను.

1858 ఫిబ్రవరి. మసాలాదినుసులకు పేరుపడిన టెర్నేటు ప్రాంతపు దీవులలో వాలేసు చలిజ్వరముచే పీడింపబడుచుండెను. చలి కుదుపునకు దుప్పటి కప్పుకొని పరుండుట, చెమట పట్టిన పిదప లేచుట – అంతకుమించి చేయదగిన పని లేదు. అట్టి యొక పూట, పదునాలుగేండ్ల క్రిందట లీస్టరులో చదివిన మాల్థస్ గ్రంథము జ్ఞప్తికి వచ్చెను. మనుష్యులకు చెప్పిన మాట జంతువులకు మఱింత చెల్లునుగదా యని తోచెను. ఒక పిట్టల జంట ఏటికి నాలుగు పిల్లలను పెట్టి, అన్నియు బ్రతికి, మఱుసటి యేడు తామును పిల్లలను పెట్టినచో, పదేండ్లలో ఆ రెండు పిట్టలు లక్షకు మించిపోవును. కాని చూడబోయిన తోటలో పిట్టల సంఖ్య ఏటేట ఇంచుమించు ఒకే తీరున నుండును. అనగా పుట్టినవానిలో అత్యధికభాగము చచ్చుచున్నది. ఏవి చచ్చును, ఏవి మిగులును? ఒక్క తల్లి పిల్లలైనను అన్నియు ఒకే అచ్చున ఉండవు. కొంచెము చుఱుకైనది, కొంచెము రంగు కలిసి శత్రువు కంటబడనిది, కఱవునాట కొంచెము ఎక్కువ దూరము ఎగురగలది మిగులును. ఆ గుణము దాని పిల్లలకు సంక్రమించును. తరతరముల పర్యంతము ఇట్లు జరుగగా జాతి తన పూర్వరూపమునుండి తొలగిపోవును. జిరాఫీ మెడ చాచుటచేత సాగలేదు; మెడ పొడవైనవి కఱవులో మేత అందుకొని బ్రతికినవి. డార్విను దీనికే ప్రకృతి వరణమని పేరిడియుండెను. ఆ పేరు వాలేసు వ్రాతలో లేదు. భావము మాత్రము అదియే.

జ్వరము తగ్గిన సాయంకాలములలో ఆ వ్యాసమును పూర్తిచేసి, పత్రికకు గాక డార్వినుకు పంపెను. బాగున్నచో లైయెల్‌కు చూపుమని కోరెను. ఇంతకంటె విచిత్రమైన విలాసము లోకమున వేఱొకటి ఉండదు. జూన్ 18 నాటికి అది డార్వినుకు అందెను. ఇరువదేండ్లు తాను దాచుకొన్న భావము, తన మాటలలోనే అన్నంత పోలికతో, పరుని చేతివ్రాతలో కనబడెను. ఆయన నిస్సహాయుడై లైయెల్‌కు, హుకర్‌కు జాబులు వ్రాసెను. ఆ దినములలోనే ఆయన పసిబిడ్డ జ్వరముతో మరణించెను. మిత్రులిరువురును ఆలోచించి, 1858 జూలై 1 న లండను లిన్నేయన్ సొసైటీ సభలో డార్విను 1844 వ్యాసము నుండి కొంతభాగమును, 1857 లో ఆయన ఏసా గ్రే అను అమెరికా శాస్త్రజ్ఞునకు వ్రాసిన జాబు భాగమును మొదట చదివించి, ఆ వెనుక వాలేసు వ్యాసమును చదివించిరి. సభలో డార్విను లేడు. వాలేసు ఆ దినమున న్యూగినీ ఒడ్డున డోరే అనుచోట వానలలో, జ్వరములతో, కాలి పుండుతో బాధపడుచుండెను.

ఈ ఘట్టమును గూర్చి పలువురు పలువిధముల వాదించిరి. డార్విను వాలేసు భావమును అపహరించెనని కొందఱు వ్రాసిరి. దానికి నిలువదగిన ఆధారము లేదు. 1844 వ్యాసమును హుకర్ ఏండ్ల క్రిందటనే చదివియుండెను. కావున ముందు తట్టినది డార్వినుకే. కాని ప్రకటనకు సిద్ధముగా వ్రాసి పంపినవాడు వాలేసు. అతని యనుమతి అడుగలేదు. రానుపోను ఉత్తరములకు నెలలు పట్టునన్నది కారణము కావచ్చును గాని సమర్థనము కాజాలదు. న్యాయమునకును సౌకర్యమునకును నడుమ ఆ పెద్దలు ఒక సర్దుబాటు చేసికొనిరి. అది అన్యాయము కాకుండుటకు ముఖ్యకారణము వాలేసు దానిని అన్యాయమని తలపకుండుటయే. సంగతి తెలిసినంతనే అతడు తల్లికి జాబు వ్రాసి, అంతటి పెద్దల ఆదరము తనకు లభించినదని ఉప్పొంగెను. ఆ వ్యాసము అందకుండిన డార్విను ఇంకెన్నియేండ్లు తన గ్రంథమును పెంచుకొనుచు కూర్చుండెడివాడో! తొందరపడి సంగ్రహించి వ్రాసిన జాతుల ఆవిర్భావ గ్రంథము 1859 నవంబరు 24 న వెలువడినది. దాని ప్రతి దీవులలోనున్న వాలేసుకు అందగా, అతడు పదేపదే చదివి, తాను ఇంత నిండుగా ఎన్నటికిని వ్రాయజాలనని ఒప్పుకొనెను.

1862 లో రెండు బ్రతికియున్న స్వర్గపక్షులను వెంటబెట్టుకొని వాలేసు ఇంటికి తిరిగివచ్చెను. అరూ దీవుల అడవులలో ఆ పక్షులను తొలిసారి చూచినప్పుడు, ఏ నాగరకుని కన్నును పడని చోట ఇంతటి అందము యుగములుగ పుట్టి గిట్టుచుండెనుగదా, లోకమంతయు మానవుని భోగముకొఱకే పుట్టినదనుట ఎంత వట్టిమాట అని అతడు తలపోసెను. 1866 లో ఏనీ మిట్టెన్‌ను వివాహమాడెను. 1869 లో వెలువరించిన మలయా ద్వీపసముదాయ యాత్రాగ్రంథమును డార్వినుకు అంకితమిచ్చెను. 1876 లో జంతువుల భౌగోళిక విస్తరణను గూర్చి రెండు సంపుటములు వెలువరించెను. ఆ శాస్త్రమునకు పునాది అవియే. గొంగళిపురుగులు కొన్ని కంటికి కొట్టవచ్చు రంగులతో ఏల యుండునని డార్విను అడిగినప్పుడు, అవి తినరానివి, ఆ రంగు పక్షులకు హెచ్చరిక అని సమాధానము చెప్పినవాడును వాలేసే.

కీర్తి వచ్చినది గాని కాసు రాలేదు. సంపాదించినది తండ్రివలెనే చెడు పెట్టుబడులలో పోయెను. భౌగోళిక సంఘమున ఉద్యోగమునకు ప్రయత్నింపగా 1864 లో అది పాత మిత్రుడు బేట్సుకు దక్కెను, స్నేహము చెడలేదు. పరీక్షాపత్రములు దిద్ది, వ్యాసములు వ్రాసి సంసారము నెట్టుకొనివచ్చెను. 1870 లో భూమి బల్లపరుపుగా ఉన్నదని నమ్మిన హాంప్‌డెన్ అనువాడు 500 పౌనుల పందెము కట్టగా, వాలేసు పాత సర్వే విద్యతో ఒక కాలువమీద గుఱుతులు నిలిపి నీటిమట్టపు వంపును చూపి గెలిచెను. కాని ఓడినవాడు ఏండ్లతరబడి దూషణ లేఖలతో, వ్యాజ్యములతో వేధించెను. ఆ గొడవలో గెలిచినదానికంటె పోయినదే ఎక్కువ. మూఢులతో పందెము కట్టుట అతని భోళాతనము. 1874 లో పెద్దకుమారుడు బాల్యముననే మరణించెను.

అతని యభిప్రాయములన్నియు సరియైనవి కావు. ప్రేతాత్మలను పిలుచు కూటములను నమ్మెను. మశూచి టీకాలను వ్యతిరేకించుట అతని పెద్దపొరపాటు. మానవుని బుద్ధి ప్రకృతి వరణమునకు లోబడి పుట్టలేదు, అందు ఏదో ఉన్నతశక్తి ప్రమేయమున్నదని 1869 లో వ్రాసినప్పుడు డార్విను మిక్కిలి నొచ్చుకొనెను. అయితే ఆ వాదమునకు మూలమున ఒక ఉదారభావము లేకపోలేదు. అమెజాను అడవులలో, అరూ దీవులలో ఆటవికుల నడుమ ఏండ్లకొలది బ్రతికినవాడగుటచే, వారి బుద్ధి ఐరోపావారి బుద్ధికి తీసిపోదని అతడు ఎఱుగును. వారి సరళజీవనమునకు అంత మెదడు అవసరము లేకున్నను అది వారికెట్లు వచ్చెనని అతని ప్రశ్న. సమాధానము తప్పినను, తెల్లవారి అహంకారము నడినెత్తిననున్న ఆ దినములలో ఆ ప్రశ్న వేసినవాడు అరుదు. భూములు జాతిసొత్తు కావలెనని వాదించిన సంఘమునకు 1881 లో అతడు తొలి యధ్యక్షుడయ్యెను.

అభిప్రాయభేదము డార్విను మనస్సును విఱువలేదు. వాలేసు ఇబ్బందులు విని, ఆయన హక్స్‌లీ మొదలగువారి చేవ్రాళ్ళు కూర్చి, ప్రధానమంత్రి గ్లాడ్‌స్టనుకు విన్నపము పంపెను. 1881 లో ఏటికి 200 పౌనుల పింఛను మంజూరయ్యెను. మఱుసటి యేడు ఏప్రిలులో డార్విను మరణింపగా, వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున ఆ శవపేటికను మోసినవారిలో వాలేసు ఒకడు. ఆ పిమ్మట ప్రకృతి వరణమునకు ఆదరము తగ్గుచున్న దినములలో, 1889 లో, దానిని సమర్థించుచు అతడొక గ్రంథము వ్రాసెను. దానికి అతడు పెట్టిన పేరు డార్వినిజము. గుణములు తల్లిదండ్రులనుండి బిడ్డలకు ఏ రీతిని సంక్రమించునో డార్వినునకును తెలియదు, వాలేసునకును తెలియదు. దానిని తెలిపిన మెండెల్ ప్రయోగములు 1866 లోనే అచ్చయ్యెను గాని 1900 వఱకు ఎవ్వరి దృష్టికిని రాలేదు.

1908 లో లిన్నేయన్ సొసైటీ, ఆ ఉమ్మడి వ్యాసపఠనమునకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, డార్విను వాలేసుల పేర బంగారు పతకమును చేయించి వాలేసుకు బహూకరించెను. అదే యేడు ప్రభుత్వము ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమిచ్చి గౌరవించెను. తొంబది నిండిన యేట, 1913 నవంబరు 7 న, డార్సెట్ మండలమున బ్రాడ్‌స్టన్ గ్రామములోని స్వగృహమున అతడు కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్‌లో ఖననము చేయుదమని మిత్రులు తలపెట్టినను, అతని కోరిక మేరకు ఆ యూరి శ్మశానముననే ఉంచిరి. సమాధిపై శిలగా మాఱిన పురాతన వృక్షపు మొద్దు నొకదానిని నిలిపిరి. 1915 లో వెస్ట్‌మినిస్టర్‌లో డార్విను ఫలకమునకు చేరువ అతని పేరను ఒక ఫలకము వెలసినది.

లండను ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో అతడు పట్టిన సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు, పక్షుల తోళ్ళు నేటికిని సొరుగులలో భద్రముగా నున్నవి. శాస్త్రజ్ఞులు వానిని తీసి చూచునప్పుడు ముందుగా చదువునది ప్రతిదానికిని తగిలించిన చిన్న చీటీని. సారవాక్, లంబోకు, మకాసర్, అరూ, బచాన్ – ఏది ఏ యొడ్డుదో దానిపై వ్రాసియున్నది.